యిర్మీయాను సొంతవాళ్లే దేశద్రోహి అని ఎందుకన్నారు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. బైబిల్ పాత నిబంధనలోని యిర్మీయా నిజంగా బతికిన మనిషేనా? ‘కన్నీటి ప్రవక్త’ అని పేరున్నవాడిని సొంత జనమే దేశద్రోహి అని ఎందుకు కొట్టారు? కొత్త సంవత్సరం ఆరాధనలో మీకు వాగ్దాన కార్డుగా వచ్చిన యిర్మీయా 29:11, ‘మీ గురించి నాకున్నవి సమాధానకరమైన ఉద్దేశాలే’ అన్న మాట, అసలు ఎవరికి రాసింది? పాత నిబంధన పాఠాలు చెప్పడమే నా పని కాబట్టి ఈ మూడూ నేను తరచూ వినేవే. జవాబు కొంచెం పెద్దదవుతుంది, తీరిగ్గా చదవండి.

యిర్మీయా అనగానే మన సంఘాల్లో కన్నీళ్లే గుర్తొస్తాయి. ఆయన ఏడ్చిన మాట నిజమే. కానీ అక్కడే ఆగిపోతే ఆయన ఎవరో మనకు అర్థం కాదండీ. ఐదుగురు రాజుల కాలంలో, సుమారు 40 ఏళ్లపాటు, ఎవరికీ నచ్చని మాటను ముఖం మీద చెప్పిన మనిషి ఆయన. అందరూ ధైర్యంగా ఉన్నప్పుడు ‘మునిగిపోతున్నాం’ అన్నాడు. అందరూ ఆశ వదులుకున్నప్పుడు డబ్బులిచ్చి పొలం కొన్నాడు. ఈ రెండూ ఒకే మనిషి చేసిన పనులని గ్రహిస్తే ఆయన పుస్తకం సగం అర్థమైనట్టే.

ముందు మనిషి సంగతి. ఊరు అనాతోతు. యెరూషలేముకు ఈశాన్యంగా 5 కిలోమీటర్ల దూరంలో ఉండే పల్లె. ఇప్పటికీ అక్కడి అనాతా అనే పాలస్తీనా ఊరిలో ఆ పాత పేరు మిగిలి ఉంది. తండ్రి హిల్కీయా, యాజక కుటుంబం. సొలొమోను కాలంలో అబ్యాతారు అనే యాజకుణ్ణి పదవిలోంచి తీసేసి పంపించింది ఈ అనాతోతుకే. అంటే దేవాలయానికి అంత దగ్గరలో ఉన్నా, అక్కడి పెద్దరికంలో చోటులేని యాజకుల ఊరన్నమాట. యూదా రాజు యోషీయా ఏలుబడి 13వ ఏట, అంటే క్రీ.పూ. 627 ప్రాంతంలో ఆయనకు పిలుపు వచ్చింది. ‘నేను చిన్నవాణ్ణి, నాకు మాట్లాడటం రాదు’ అన్నాడు. అయినా తప్పలేదు.

ఆయన మాటలు అర్థం కావాలంటే అప్పటి రాజకీయం కొంచెం తెలియాలి. యూదా చిన్న రాజ్యం. దక్షిణాన ఐగుప్తు (ఈజిప్టు), ఉత్తరాన మొదట అష్షూరు (అస్సీరియా), తర్వాత బబులోను (బాబిలోన్). క్రీ.పూ. 609లో యోషీయా మెగిద్దో దగ్గర ఐగుప్తు ఫరో నెకో చేతిలో చనిపోయాడు. మూడు నెలల తర్వాత ఫరో తనకు నచ్చిన యెహోయాకీమును గద్దె మీద కూర్చోబెట్టాడు. క్రీ.పూ. 605లో కర్కెమీషు దగ్గర బబులోనుకు చెందిన నెబుకద్నెజరు ఐగుప్తు సైన్యాన్ని చితకగొట్టాడు. దాంతో ఆ ప్రాంతమంతా బబులోను కిందికి వచ్చేసింది. యెరూషలేములో పెద్దలు మాత్రం ‘ఐగుప్తు వస్తుంది, ఆదుకుంటుంది’ అని ఎదురుచూస్తూనే ఉన్నారు. దానికి తోడు ఒక మొండి నమ్మకం కూడా ఉండేది. ఇక్కడ దేవుడి మందిరం ఉంది కాబట్టి ఈ ఊరికి ఏమీ కాదని.

యిర్మీయా మొదట దెబ్బ కొట్టింది ఆ నమ్మకాన్నే. యెహోయాకీము రాజ్యారంభంలో దేవాలయ ద్వారం దగ్గర నిలబడి, ఆరాధనకు వస్తున్న జనంతో చెప్పాడు: పరదేశిని, తండ్రిలేనివాణ్ణి, విధవరాలిని బాధపెడుతూ, దొంగతనాలు చేస్తూ, ఇక్కడికొచ్చి మేం క్షేమం అనుకుంటున్నారా? షిలోహుకు వెళ్లి చూడండి, అదీ ఒకప్పుడు దేవుడి మందిరం ఉన్న చోటే, దానికేమైందో. ఈ మందిరం మీకు దొంగల గుహ అయిపోయిందా అని కూడా అడిగాడు. తర్వాత ఆరు వందల ఏళ్లకు యేసు దేవాలయంలో బల్లలు తలకిందులు చేసినప్పుడు ఎత్తుకున్నది ఈ మాటే. యాజకులు, ప్రవక్తలు ఆయన్ని పట్టుకుని చావాల్సిందే అన్నారు. అప్పుడు కొందరు పెద్దలు లేచి, వందేళ్ల కిందట మీకా ప్రవక్త కూడా ఇలాగే అన్నాడు, హిజ్కియా రాజు ఆయన్ని చంపలేదు కదా అని గుర్తుచేశారు. ఆ రోజు బతికిపోయాడు. అదే మాట చెప్పిన ఊరియా అనే ఇంకో ప్రవక్త బతకలేదు. ఐగుప్తుకు పారిపోయినా వెంటబడి పట్టుకొచ్చి చంపారు.

ఆ రోజు యిర్మీయాను కాపాడినవాడు షాఫాను కొడుకు అహీకాము. ఈ షాఫాను కుటుంబాన్ని గుర్తుపెట్టుకోండి. మామూలుగా చదివేవాళ్లు ఈ పేర్లను దాటేసి వెళ్లిపోతారు. షాఫాను యోషీయా రాజు దగ్గర లేఖికుడు. క్రీ.పూ. 622లో దేవాలయంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు దాన్ని రాజుకు చదివి వినిపించింది ఆయనే. ఒక కొడుకు అహీకాము యిర్మీయా ప్రాణం కాపాడాడు. ఇంకో కొడుకు గెమర్యా గదిలోనే యిర్మీయా గ్రంథపు చుట్టను మొదటిసారి జనానికి చదివారు. మరో కొడుకు ఎల్యాశా ఆయన ఉత్తరాన్ని బబులోనుకు మోసుకెళ్లాడు. మనవడు గెదల్యా చివర్లో ఆయనకు ఆశ్రయమిచ్చాడు. అంటే యిర్మీయా అడవిలో ఒంటరిగా అరిచిన మనిషి కాదు. రాజాస్థానంలోనే, చదువుకున్న ఉద్యోగుల్లో, ఆయన చెప్పేది సరైనదే అనుకునేవాళ్లు మూడు తరాలపాటు ఉన్నారు.

ఆ చుట్ట కథ 36వ అధ్యాయంలో ఉంది. యిర్మీయా చెబుతుంటే నేరీయా కొడుకు బారూకు సిరాతో రాశాడు. యిర్మీయాను దేవాలయంలోకి రానివ్వని పరిస్థితి, అందుకే ఉపవాస దినాన బారూకే వెళ్లి చదివాడు. విషయం అధికారుల దాకా పాకింది. వాళ్లు భయపడి, నువ్వూ యిర్మీయా ఎక్కడైనా దాక్కోండి, ఎవరికీ తెలియనివ్వకండి అన్నారు. రాజుకు కబురు వెళ్లింది. తొమ్మిదో నెల, చలికాలం. రాజు తన శీతకాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది అనేవాడు చదువుతున్నాడు. మూడు నాలుగు పేరాలు చదవగానే రాజు లేఖికుడి చాకుతో ఆ ముక్క కోసి కుంపట్లో పడేయడం, మళ్లీ చదవడం, మళ్లీ కోయడం. ముగ్గురు అధికారులు వద్దని బతిమాలారు. వాళ్లలో గెమర్యా ఒకడు. చుట్ట మొత్తం కాలిపోయేదాకా రాజు ఆగలేదు. యిర్మీయా ఏం చేశాడు? ఇంకో చుట్ట తీసుకుని బారూకుతో మళ్లీ మొదటి నుంచి రాయించాడు, ఇంకా చాలా మాటలు చేర్చి. ఒక ప్రవక్త పుస్తకం ఎలా తయారైందో బైబిల్లో ఇంత దగ్గరగా చూపించిన చోటు మరొకటి లేదు.

ఆ రాజు మీద యిర్మీయాకున్న కోపం ఎందుకో 22వ అధ్యాయంలో తెలుస్తుంది. యెహోయాకీము కూలి ఇవ్వకుండా జనంతో పని చేయించుకుని, దేవదారు పలకలతో, ఎర్రరంగు వేయించి భవనం కట్టుకున్నాడు. మీ నాన్న యోషీయా కూడా తిన్నాడు, తాగాడు, కానీ పేదవాడికి న్యాయం చేశాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని దేవుడి మాటగా చెప్పాడు. మొత్తం పుస్తకంలో నాకు అన్నింటికన్నా బలంగా తగిలే మాట అదే.

ఇక దేశద్రోహం సంగతి. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమును మొదటిసారి పట్టుకున్నాడు. యెహోయాకీము కొడుకైన 18 ఏళ్ల యెహోయాకీను రాజును, అధికారులను, పనివాళ్లను చెరగా పట్టుకుపోయి సిద్కియాను రాజుగా పెట్టాడు. కొన్నేళ్లకే చుట్టుపక్కల రాజ్యాలు కలిసి తిరుగుబాటుకు సిద్ధమయ్యాయి. అప్పుడు యిర్మీయా మెడ మీద కాడి పెట్టుకుని వీధుల్లో తిరిగాడు: బబులోను కాడి కిందికి మెడ వంచండి, బతుకుతారు. హనన్యా అనే ప్రవక్త ఆ కాడి విరగ్గొట్టి, రెండేళ్లలో అందరూ తిరిగొస్తారు, దేవాలయ పాత్రలు కూడా వస్తాయి అన్నాడు. యిర్మీయా వెంటనే తగాదా పెట్టుకోలేదు. ‘ఆమేన్, అలాగే జరగాలి’ అని వెళ్లిపోయాడు. తనక్కూడా అదే కావాలి. కానీ తర్వాత తిరిగొచ్చి, నువ్వు కొయ్యకాడి విరిచావు, దాని బదులు ఇనుపకాడి వస్తుంది అని చెప్పాడు.

క్రీ.పూ. 588లో చివరి ముట్టడి మొదలైంది. ముట్టడిలో ఉన్న ఊళ్లో నిలబడి, ‘ఊళ్లో ఉన్నవాడు కత్తితో, కరువుతో, తెగులుతో చస్తాడు, బయటికి వెళ్లి లొంగిపోయినవాడు బతుకుతాడు’ అని చెబితే ఎవరైనా ఏమంటారు? సైనికుల చేతులు బలహీనం చేస్తున్నాడు అన్నారు. ఆ ఆరోపణలో తర్కం లేకపోలేదు. అధికారుల చోట మనమున్నా బహుశా అదే అనేవాళ్లం. అయితే ఆయన బబులోను మనిషి కాదని పుస్తకంలోనే తేలుతుంది. ఊరు పడిపోయాక బబులోను సేనాధిపతి నెబూజరదాను, నాతో వస్తే నిన్ను బాగా చూసుకుంటాను అన్నాడు. యిర్మీయా వెళ్లలేదు. శిథిలాల్లో మిగిలిన బీదజనంతోనే ఉండిపోయాడు.

ఆయన లొంగిపొమ్మన్నది పిరికితనంతో కాదనడానికి 34వ అధ్యాయం చదవండి. ముట్టడి భయంతో సిద్కియా, పెద్దలు ఒప్పందం చేసుకుని తమ దగ్గరున్న హెబ్రీ దాసదాసీలను విడిచిపెట్టారు. ఇంతలో ఐగుప్తు సైన్యం వస్తోందని బబులోనువాళ్లు కొన్నాళ్లు వెనక్కి తగ్గారు. టెన్షన్ తగ్గగానే ఆ దాసులను మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. యిర్మీయా దృష్టిలో ఊరు కూలడానికి కారణం సైన్యం చాలకపోవడం కాదు, ఇదీ.

ఆ విరామంలోనే బెన్యామీను ప్రాంతానికి వెళ్లబోతుంటే ద్వారం దగ్గర పట్టుకుని, శత్రువుల్లో చేరిపోతున్నావని కొట్టి జైల్లో పెట్టారు. తర్వాత అధికారులు ఆయన్ని మల్కీయా గోతిలోకి తాళ్లతో దించేశారు. నీళ్లు లేవు, బురద. అందులో కూరుకుపోయాడు. కాపాడింది యూదుడు కాదు. రాజు ఇంట్లో పనిచేసే ఎబెద్మెలెకు అనే కూషీయుడు, ఐగుప్తుకు దక్షిణాన ఉండే దేశంవాడు. రాజు దగ్గరికి వెళ్లి, వీళ్లు చేసింది తప్పు అని సూటిగా చెప్పి, అనుమతి తీసుకుని మనుషులతో వచ్చాడు. వచ్చేముందు ఖజానా కిందున్న గదికి వెళ్లి పాత చిరుగుపాతలు, చింకిబట్టలు ఏరుకొచ్చాడు. అవి తాడుతో గోతిలోకి దించి, చంకల కింద పెట్టుకో, తాళ్లు ఒరుసుకోకుండా ఉంటాయి అన్నాడు. ప్రాణం కాపాడటానికి వచ్చినవాడు, చర్మం గీసుకుపోకూడదని కూడా ఆలోచించాడు. ఎన్నిసార్లు పాఠం చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నేను కాసేపు ఆగుతాను.

జైలు ఆవరణలో ఉండగానే జరిగింది పొలం కొనుగోలు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొను, బంధువుగా దాన్ని విడిపించే హక్కు నీదే అన్నాడు. బయట గోడల దాకా ముట్టడి దిబ్బలు వేశారు. కొంటున్నవాడు జైల్లో ఉన్నాడు. ఊరు పడిపోతుందని చెబుతున్నదీ ఆయనే. అయినా 17 తులాల వెండి, అంటే సుమారు 190 గ్రాములు, త్రాసులో తూచి ఇచ్చాడు. పత్రం రాయించి, సంతకం చేసి, సాక్షులను పెట్టి, ముద్ర వేశాడు. ముద్ర వేసిన నకలు ఒకటి, విప్పి ఉన్న నకలు ఒకటి. రెండూ బారూకుకిచ్చి, చాలా కాలం ఉండేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఇలా ఒకటి మూసి, ఒకటి తెరిచి ఉంచే జంట పత్రాలు తర్వాతి కాలానివి మృతసముద్రం దగ్గరి గుహల్లో నిజంగానే దొరికాయి. ఇదంతా అయ్యాక ఆయన చేసిన ప్రార్థన చూడండి: దిబ్బలు వేసేశారు, ఊరు పోతోంది, ఇప్పుడు పొలం కొనమంటావేమిటి ప్రభువా? అర్థమయ్యాక చేయలేదు. చేసి, తర్వాత అడిగాడు.

ఇప్పుడు మీ కార్డు దగ్గరికొద్దాం. 29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో చెరపట్టి బబులోనుకు తీసుకెళ్లినవాళ్లకు రాసింది. త్వరలోనే ఇంటికి వెళ్లిపోతామని చెప్పే ప్రవక్తలు అక్కడా ఉన్నారు. యిర్మీయా రాసింది వేరు: ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసి వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి, దానికోసం ప్రార్థన చేయండి. 70 ఏళ్లు నిండాక దేవుడు మిమ్మల్ని వెనక్కి రప్పిస్తాడు. 11వ వచనం ఆ 70 ఏళ్ల మాట పక్కనే వస్తుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎవరూ తిరిగి వెళ్లరు. మనవలు వెళ్తారు. సమాధానకరమైన ఉద్దేశాలు అన్న మాట, ఈ సంవత్సరం ఉద్యోగం వస్తుంది, వీసా వస్తుంది అన్న అర్థంలో చెప్పింది కాదు. మీరు ఆ కార్డు దాచుకోవద్దని నేను అనను, తప్పకుండా దాచుకోండి. కానీ 5వ వచనం నుంచి 14 దాకా కలిపి చదవండి. అప్పుడు ఆ వాగ్దానం చిన్నదవదు, ఇంకా పెద్దదవుతుంది. ఒక తరం ఓపికను అడిగే వాగ్దానం అది.

ఆ ఉత్తరం చెప్పినట్టే జరిగిందనడానికి మట్టిపలకలు ఉన్నాయి. బబులోను దేశంలోని అల్-యాహూదు అనే ఊరికి, దాని చుట్టుపక్కలకు సంబంధించిన పలకలను 2014లో పుస్తకంగా ప్రచురించారు. క్రీ.పూ. 6, 5 శతాబ్దాలవి. అందులో యూదా నుంచి వెళ్లినవాళ్లు పొలాలు సాగు చేయడం, పన్నులు కట్టడం, అప్పులు, ఒప్పందాలు కనిపిస్తాయి. యెహోయాకీను రాజుకు, ఆయన ఐదుగురు కొడుకులకు బబులోను ఖజానా నుంచి నూనె ఇచ్చిన లెక్కలు కూడా బబులోను తవ్వకాల్లో దొరికాయి.

ఇంతదాకా వచ్చాం కాబట్టి చరిత్ర ప్రశ్న. యిర్మీయా పేరున్న శాసనం ఏదీ లేదు. కానీ ఆయన చుట్టూ ఉన్న మనుషులు మట్టిలోంచి ఒక్కొక్కరే బయటపడుతున్నారు. 1982లో యెరూషలేములోని దావీదు పట్టణం తవ్వకాల్లో, కాలిపోయిన ఇంట్లో, 51 మట్టి ముద్రలు దొరికాయి. పత్రాలు కాలిపోయినా ఆ మంటకే కాలి ముద్రలు గట్టిపడ్డాయి. ఒకదాని మీద ‘షాఫాను కుమారుడు గెమర్యా’ అని ఉంది. తర్వాత అదే ప్రాంతంలో షెలెమ్యా కుమారుడు యూకలు, పషూరు కుమారుడు గెదల్యా పేర్లున్న ముద్రలు దొరికాయి. ఆయన్ని గోతిలో వేయించిన అధికారుల జాబితాలో, 38:1లో, ఈ రెండు పేర్లూ ఉన్నాయి. 2007లో బ్రిటిష్ మ్యూజియంలో ఎన్నో ఏళ్లుగా పడి ఉన్న చిన్న పలకను చదివితే, క్రీ.పూ. 595లో ఒక బబులోను పెద్ద అధికారి బబులోనులోని ఒక గుడికి సుమారు 750 గ్రాముల బంగారం పంపిన రసీదు అది. ఆ అధికారి పేరు 39:3లో వచ్చే షర్సెకీము పేరుతో సరిపోతుంది.

1935లో యూదాలోని లాకీషు కోట ద్వారం దగ్గర దొరికిన కుండపెంకుల ఉత్తరాలు ఇంకా గట్టి సాక్ష్యం. 34:7లో, ముట్టడి సమయానికి కోటలున్న పట్టణాల్లో లాకీషు, అజేకా మాత్రమే మిగిలాయని ఉంది. ఆ పెంకుల్లో ఒక సైనికుడు తన పైఅధికారికి రాస్తాడు: లాకీషు నుంచి వచ్చే నిప్పు సంకేతాల కోసం చూస్తున్నాం, అజేకా మాకు కనిపించడం లేదు. ఇంకో పెంకు మీద చేతులు బలహీనం చేసే మాటల గురించి ఫిర్యాదు ఉంది. యిర్మీయా మీద మోపిన నేరమూ సరిగ్గా అదే మాటల్లో ఉంటుంది.

ఒక జాగ్రత్త. బారూకు ముద్ర అని ఇంటర్నెట్‌లో ఒక ఫోటో తెగ తిరుగుతుంటుంది. అది తవ్వకాల్లో దొరికింది కాదు, పురాతన వస్తువుల మార్కెట్‌లోంచి వచ్చింది. పరీక్షల తర్వాత అది నకిలీ అని పండితులు తేల్చారు. ప్రసంగాల్లో దాన్ని రుజువుగా చూపించకండి. అసలైనవి ఇన్ని ఉన్నప్పుడు అవసరం కూడా లేదు.

చివరి రోజులు సంతోషంగా గడవలేదు. బబులోనువాళ్లు యూదాకు అధిపతిగా పెట్టిన షాఫాను మనవడు గెదల్యాను మిస్పాలో రాజవంశంవాడైన ఇష్మాయేలు చంపేశాడు. మిగిలినవాళ్లు భయపడి ఐగుప్తుకు పోదామనుకుని, దేవుడేమంటాడో అడగమని యిర్మీయాను వేడుకున్నారు. పది రోజుల తర్వాత, ఇక్కడే ఉండండి అని జవాబు వచ్చింది. నువ్వు అబద్ధం చెబుతున్నావు అని ఆయన్ని, బారూకును కూడా ఐగుప్తుకు లాక్కెళ్లారు. అక్కడి తహపనేసు అనే ఊళ్లో కూడా జనం ఆయన మాట వినలేదు. ఆయన మరణం గురించి పుస్తకం ఏమీ చెప్పదు. రాళ్లతో కొట్టి చంపారన్నది తర్వాతి కాలపు సంప్రదాయం.

బతికున్నంత కాలం గెలవని ఈ మనిషి మాట తర్వాత ఎంత దూరం వెళ్లిందో చూడండి. దానియేలు 9వ అధ్యాయం ఆయన 70 ఏళ్ల లెక్క చదువుతూ మొదలవుతుంది. ఎజ్రా గ్రంథం, చెరలో ఉన్నవాళ్లు తిరిగి వెళ్లొచ్చన్న పర్షియా రాజు కోరెషు ప్రకటనను యిర్మీయా మాట నెరవేర్పుగా చెబుతుంది. 31వ అధ్యాయంలోని కొత్త నిబంధన మాట ప్రభురాత్రి భోజనంలోకి వచ్చింది. హెబ్రీ పత్రిక 8వ అధ్యాయం ఆ భాగాన్ని దాదాపు మొత్తంగా ఎత్తి రాసింది. మనం చేతిలో పట్టుకునే బైబిల్లో రెండో భాగానికి ‘కొత్త నిబంధన’ అన్న పేరు అక్కడి నుంచే. విలాపవాక్యాలు ఆయనవేనని సంప్రదాయం చెబుతుంది గానీ ఆ పుస్తకంలో రచయిత పేరు లేదు. దేవాలయం కూలిన రోజును తలుచుకుంటూ యూదులు ప్రతి ఏటా ఉపవాసం ఉండి వాటిని చదువుతారు. రెంబ్రాంట్ 1630లో గీసిన ముసలి యిర్మీయా చిత్రం ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో ఉంది. అందరికీ గుర్తుండిపోయిన ఏడుపు ముఖానికి ఆ చిత్రం కూడా ఒక కారణం.

చదవడం ఎలా మొదలుపెట్టాలి? 1 నుంచి 52 దాకా వరసగా వెళ్తే మధ్యలో తికమక పడతారు. ఎందుకంటే అధ్యాయాలు కాలక్రమంలో లేవు. పైగా పాత గ్రీకు అనువాదంలో ఈ పుస్తకం సుమారు ఎనిమిదో వంతు చిన్నది, వరస కూడా వేరు. మృతసముద్రపు చుట్టల్లో రెండు రకాల హెబ్రీ ప్రతులూ దొరికాయి. అందుకే నా విద్యార్థులకు ఈ వరస చెబుతాను: మొదట 1, తర్వాత 26, 36, 28, 29, ఆపైన 34, 37, 38, 32, అక్కడి నుంచి 39 మొదలు 44 దాకా. కథ పట్టుబడ్డాక 11 నుంచి 20 వరకు ఉన్న ఆయన సొంత ప్రార్థనలకు రండి. నువ్వు నన్ను మోసం చేశావు అని దేవుడితోనే పోట్లాడే మాటలు, నేను పుట్టిన రోజు శపితమవ్వాలి అనే మాటలు అక్కడే ఉంటాయి. ఎవరు, ఎప్పుడు, ఏ గోతిలోంచి వచ్చి ఆ మాటలన్నారో తెలిశాక వాటిని మీరు వేరుగా చదువుతారు. 45వ అధ్యాయం మాత్రం వదలొద్దు. ఐదు వచనాలే, బారూకు ఒక్కడికోసం రాసింది. ఏ వచనమైనా అర్థం కాకపోతే అధ్యాయం నంబరుతో అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.